ముంగారు వానకు తేలే రాయి

రాయలసీమలో ముంగారు వాన పడిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పదును చూసుకుని రైతు సేద్యానికి దిగుతాడు. అదే పదునుకు, అదే చేలోకి, సద్దిమూట కట్టుకుని ఊరుగాని ఊరి జనం వజ్రాల కోసం దిగుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాయి తేలుతుందని వాళ్ళ లెక్క. తల వంచి, అడుగులో అడుగు వేసుకుంటూ, నేల మీంచి చూపు తీయకుండా నడుస్తారు. ఏదో మెరుస్తుంది. వంగి తీసి, కొంగుకు తుడిచి, వెలుగుకు పట్టి చూస్తారు. పలుగురాయి. పారేసి మళ్ళీ నడక. పొద్దు గూకేలోగా ఎన్నిసార్లు అలా వంగుతారో లెక్కుండదు.

పట్నంలో కూర్చుని దీన్ని పిచ్చి ఆశ అనేయడం తేలిక. కానీ ఈ ఆశకు ఆ నేలలోనే ఆధారం ఉంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర భూగర్భ శాస్త్రవేత్తలు కింబర్లైట్ గొట్టాలను గుర్తించారు. దాదాపు 110 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోలోపలి నుంచి ఎగదన్నుకొచ్చిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడినవవి. ఆ శిల వానకూ ఎండకూ అరిగిపోతే, అందులోని వజ్రం మాత్రం అరగక మట్టిలో మిగిలింది. 1881లో వజ్రకరూరులో 67 క్యారెట్ల వజ్రం దొరికింది. అలాంటి కబురు ఒక్కటి చాలు, తరాల తరబడి జనాన్ని చేలల్లో నడిపించడానికి.

17వ శతాబ్దంలో ప్రపంచపు వజ్రాల వ్యాపారమంతా దాదాపుగా మన దేశపు గనుల మీదే నడిచింది. బ్రెజిల్ వజ్రాలు వెలుగులోకి వచ్చింది 1720లలోనే. గోల్కొండ రాజ్యంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గని ఉండేది. అక్కడ 60,000 మంది దాకా పనిచేశారని ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఆ గని ఎలా బయటపడిందో కూడా చెప్పాడు. పైరు వేద్దామని నేల తవ్వుతున్న ఒక పేదవాడికి దాదాపు 25 క్యారెట్ల రాయి దొరికిందట. విత్తనం, వజ్రం ఒకే మట్టిలో ఎదురుపడటం ఈనాటి జొన్నగిరి ముచ్చటే కాదన్నమాట.

గనిలో పని మాత్రం వానకు రాళ్ళు ఏరుకోవడమంత సుళువు కాదు. మగవాళ్ళు నీరు పడేదాకా పది పన్నెండు అడుగులు తవ్వేవారు. ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మట్టిని గోడ కట్టిన మడుల్లోకి మోసేవారు. నీళ్ళు పోసి నానబెట్టి, బురద వార్చి, మిగిలిన గరుకు మట్టిని ఎండలో ఆరబెట్టేవారు. తర్వాత ధాన్యం చెరిగినట్టు చేటలతో చెరిగి, గడ్డలను చెక్క రోకళ్ళతో దంచి, చివరికి చేతులతో వెతికేవారు. పని బాగా తెలిసినవాడికైనా ఏడాదికి మూడు వరహాలే కూలి అని టావెర్నియర్ మరో గని గురించి రాశాడు. కూలీల మీద కాపలా ఉండేది. ఒకడు కంటి కొనలో రెండు క్యారెట్ల రాయి దాచుకుంటే పట్టుకున్నారట. అంత చిన్నదాని కోసం కన్ను పోయినా ఫరవాలేదనుకున్నాడంటే, మూడు వరహాలతో ఆ ఇల్లు ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు. పది క్యారెట్లకు మించినవన్నీ రాజుకు చెందాలని గోల్కొండలో నియమం. వజ్రాన్ని మట్టిలోంచి తీసిన చేతులకే అది దూరం.

ఈనాటి చేల వేటకు అసలు బలం ఈ తేడాలోనే ఉంది. వానకు తేలిన రాయిని ఏరినవాళ్ళు తామే బేరానికి తీసుకెళ్తారు. వ్యాపారులు గుట్టుగా బరువు, రంగు చూసి ధర కడతారు. ఇంత నగదు, ఇన్ని తులాల బంగారం అని బేరం తెగుతుంది. టావెర్నియర్ చూసిన గని ఊళ్ళోనూ ఇలాంటి బేరమే నడిచేది. పది నుంచి పదహారేళ్ళ లోపు వ్యాపారుల పిల్లలు పొద్దున్నే చెట్టు కింద చేరి, నడుముకు ఒక పక్క తూనికరాళ్ళ సంచీ, ఇంకో పక్క వరహాల సంచీ కట్టుకుని, రాళ్ళు తెచ్చేవాళ్ళ కోసం కాచుకుని కూర్చునేవారు.

కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగింది. సీమలో వేట మాత్రం సాగుతూనే ఉంది. అదృష్టం తగిలిన ఒక్కరి కబురు పేపర్లో వస్తుంది. వట్టి చేతులతో బస్సెక్కినవాళ్ళ గురించి ఎవరూ రాయరు. కూలి పోగొట్టుకుని, దారి ఖర్చులకు అప్పు చేసి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

చేను గలవాళ్ళ బాధ వేరు. దున్ని సిద్ధం చేసుకున్న నేలను తొక్కేస్తున్నారని, వజ్రాల కోసం రావద్దని బోర్డులు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అనంతపురం వైపు ఏడాది మొత్తానికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటుగానే. పదును ఆరేలోపు వేరుశనగ విత్తనం పడాలి. పడ్డాక, మొలక లేచాక, ఆ చేలో ఎవరినీ అడుగు పెట్టనివ్వరు. వెతికేవాళ్ళు గట్టు మీద ఆగి, ఇంకా విత్తని చేను ఎటుందో వాకబు చేసుకుంటూ అటు నడుస్తారు.