గుండెల్లో మంట ఆగిపోతే తగ్గిపోయినట్టేనా? బారెట్ అనే సర్జన్ కథ

ఈ రోజు చరిత్ర మన గొంతు కిందే ఉంది. గుండెల్లో మంట, పులితేన్పులు, ఇంట్లో వాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు కదా, "గ్యాస్". రాత్రి పదకొండింటికి బిర్యానీ, పడుకోగానే మంట, లేచి గ్లాసులో ఒక ఈనో ప్యాకెట్, పెద్ద తేన్పు, మళ్లీ నిద్ర. మన వయసు వాళ్లు దీన్ని రోగంగా కూడా లెక్కేయరు. కానీ ఇదే మంట పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే లోపల ఏం జరుగుతుందో కనుక్కోవడానికి డాక్టర్లకే చాలా దశాబ్దాలు పట్టింది. మధ్యలో పెద్ద పెద్ద వాళ్లు తప్పులో కాలేశారు. ఆ తప్పు ఎలా జరిగిందో తెలిస్తే, మనం ఎక్కడ మోసపోతున్నామో కూడా తెలుస్తుంది.

మంట అయితే కొత్తది కాదు. మన ఆయుర్వేదంలో మాధవనిదానం అనే గ్రంథం ఉంది, దాదాపు 7, 8 శతాబ్దాల నాటిది. అందులో ఆమ్లపిత్తం అని ఒక అధ్యాయమే ఉంది. గుండె దగ్గర, గొంతులో మంట, చేదు తేన్పులు, పుల్ల తేన్పులు, అన్నీ రాశారు. దాన్ని ఊర్ధ్వగం, అధోగం అని రెండు రకాలు చేశారు. అంటే పైకి పోయేది, కిందికి పోయేది. పైకి పోయే రకం ఉందని అప్పుడే గమనించారన్నమాట.

పైకి వచ్చేది ఏంటో మాత్రం 1823లో తెలిసింది. లండన్‌లో విలియం ప్రౌట్ అనే డాక్టర్ కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని తేల్చాడు. అవును, కెమిస్ట్రీ ల్యాబ్‌లో మన చేత జాగ్రత్తగా పట్టించిన అదే యాసిడ్. పొట్టకి లోపల జిగురు పొర ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అన్నం దిగే గొట్టం, అంటే అన్నవాహికకి ఆ రక్షణ లేదు. దాని లోపలి పొర దాదాపు మన చర్మం లాంటిది, చదునైన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. రెండిటికీ మధ్య ఒక వాల్వ్ లాంటి కండరం ఉంటుంది. అది వదులైతే యాసిడ్ పైకి వస్తుంది, చర్మం లాంటి పొర కాలుతుంది.

విచిత్రం ఏంటంటే, ఈ కాలడాన్ని ఒక జబ్బుగా గుర్తించడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1935లో న్యూయార్క్‌లో ఆషర్ వింకెల్‌స్టీన్ అనే డాక్టర్, కడుపులోని యాసిడ్ వల్ల అన్నవాహిక పుండు పడుతుంది, ఇది కొత్త జబ్బు అని రాశాడు. అప్పటిదాకా మంట అంటే అజీర్తి, అంతే. సర్జన్ల దగ్గరికి చివరి దశ వాళ్లు వచ్చేవాళ్లు. పుండు పడి, మాని, మళ్లీ పడి, మచ్చ గట్టిపడి, గొట్టం సన్నబడి, ముద్ద దిగని వాళ్లు.

ఇప్పుడు మన హీరో ఎంట్రీ. హీరో అనాలో విలన్ అనాలో మీరే చెప్పండి. నార్మన్ బారెట్. 1903లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టాడు, ఇంగ్లండ్‌లో చదివాడు, లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్‌లో ఛాతీ సర్జన్. ఆషామాషీ మనిషి కాదు. అన్నవాహిక దానంతటదే చిరిగిపోతే అప్పట్లో చావు ఖాయం. 1947లో అలా చిరిగినదాన్ని కుట్టి మొదటిసారి పేషెంట్‌ని బతికించింది ఈయనే.

1950లో బారెట్ ఒక పేపర్ రాశాడు. కొంతమంది పేషెంట్లలో అన్నవాహిక కింది భాగంలో లోతైన పుండ్లు కనిపిస్తున్నాయి, కానీ ఆ పుండు చుట్టూ ఉన్న లోపలి పొర అన్నవాహికది కాదు, పొట్టలో ఉండాల్సిన పొర. మరి అక్కడికి ఎలా వచ్చింది? బారెట్ జవాబు సింపుల్: అది అన్నవాహికే కాదు, పొట్టే. ఈ మనుషులకి పుట్టుకతోనే అన్నవాహిక పొట్టిగా ఉంది, అందుకే పొట్ట ఛాతీలోకి లాగబడి గొట్టంలా సాగింది అన్నాడు.

ఎందుకలా అనుకున్నాడంటే, ఆయన డెఫినిషన్ అది. చర్మం లాంటి పొర ఉన్నంత మేరే అన్నవాహిక. ఆ పొర లేదు కాబట్టి అది అన్నవాహిక కాదు. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలుసు, వేరియబుల్ పేరు చూసి లోపల డేటా ఏముందో నమ్మేయడం లాంటిది. ఒక పొర మారిపోయి ఇంకో పొర అవ్వొచ్చు అన్న ఆలోచనకి ఆ డెఫినిషన్‌లో చోటే లేదు.

మూడేళ్లకి, 1953లో, లీడ్స్ నుంచి ఫిలిప్ అలిసన్, జాన్‌స్టోన్ అనే ఇద్దరు అడ్డం తిరిగారు. లోపలి పొర ఒక్కటే కాదు, గోడ మొత్తం చూడండి అన్నారు. పొట్ట అయితే బయటవైపు పొట్టకుండే పలచని కవచం ఉండాలి, ఇక్కడ లేదు. కండరం అన్నవాహికది. గోడలో అన్నవాహికకి మాత్రమే ఉండే గ్రంథులు కనిపిస్తున్నాయి. అంటే గొట్టం అన్నవాహికే, లోపలి పొర మాత్రం పొట్టది. ఈ పేపర్ అచ్చయిన పత్రిక పేరు థొరాక్స్. ఆ పత్రికకి ఎడిటర్ ఎవరో తెలుసా? సాక్షాత్తూ బారెట్. ఆయన్ని కాదన్న పేపర్ ఆయన పత్రికలోనే వచ్చింది. పైగా వాళ్లు అలాంటి పొరలో వచ్చే పుండుకి బారెట్ పేరే పెట్టారు. 1957లో బారెట్ కూడా ఒప్పుకున్నాడు, అది అన్నవాహికే అని. మెడికల్ స్టూడెంట్లు ఇప్పటికీ చదివే బారెట్స్ ఈసోఫేగస్ అనే పేరు అలా నిలిచింది. మొదట తప్పు చెప్పిన మనిషి పేరు మీద జబ్బు. నాకైతే ఆయన ఒప్పుకోవడమే నచ్చింది.

సరే, పొర ఎందుకు మారింది? పుట్టుకతోనే అన్న అనుమానం ఇంకా కొన్నేళ్లు నడిచింది. 1970లో కుక్కల మీద చేసిన ప్రయోగం గట్టి ఆధారం అయింది. అన్నవాహిక కింది భాగంలో పొర తీసేసి, యాసిడ్ పైకి వచ్చేలా చేశారు. మామూలు పొర బదులు పొట్ట రకం పొర మొలిచింది. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, యాసిడ్ తెచ్చిపెట్టింది.

ఈ ఎపిసోడ్ మొత్తంలో ఇదే గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ కాలిన చోట శరీరం యాసిడ్‌ని తట్టుకునే రకం కణాల్ని పెంచుకుంటుంది. కొత్త పొర ఉన్నవాళ్లకి యాసిడ్ తగిలినా మంట తక్కువ తెలుస్తుంది. అందుకే కొంతమంది "ఒకప్పుడు తెగ మండేది, ఇప్పుడు దానంతటదే తగ్గిపోయింది" అంటారు. తగ్గి ఉండొచ్చు కూడా. కానీ కొందరిలో అది అలర్ట్ మ్యూట్ చేసి సర్వర్ బాగైంది అనుకోవడం లాంటిది. ఈ కొత్త కణాలు కొద్దిమందిలో ఇంకా మారి క్యాన్సర్ వైపు వెళ్తాయి.

దీన్ని కళ్లతో చూడగలగడం వెనక మనవాళ్ల పాత్ర కూడా ఉంది. పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్‌కిన్స్‌తో కలిసి, 1954లో సన్నని గాజు తీగల కట్టతో బొమ్మని వంపులు తిప్పి పంపొచ్చని చూపించాడు. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టర్ అమెరికాలో వంగే ఎండోస్కోప్ తయారుచేసి, 1957లో ముందు తన గొంతులోకే దింపుకున్నాడు. మీరు ఈ వీడియో చూస్తున్న ఇంటర్నెట్ వచ్చే ఫైబర్ కూడా ఆ కుటుంబానిదే.

ఇక అంకెలు. 1999లో స్వీడన్ నుంచి లాగర్‌గ్రెన్ బృందం ఒక స్టడీ ఇచ్చింది. వారానికి కనీసం ఒకసారి మంట వచ్చేవాళ్లలో అన్నవాహికకి వచ్చే ఒక రకం క్యాన్సర్, అడినోకార్సినోమా, రిస్క్ దాదాపు 7.7 రెట్లు. తీవ్రమైన మంట, అదీ 20 ఏళ్లకి పైగా ఉంటే 43.5 రెట్లు. ఇది విని చాలామంది థంబ్‌నెయిల్స్ పెట్టేస్తారు. ఆగండి. ఆ క్యాన్సరే అరుదు, చిన్న అంకెని 43తో గుణించినా చిన్నదిగానే ఉంటుంది. 2011లో డెన్మార్క్‌లో 11,000 మందికి పైగా బారెట్ పేషెంట్లని చూస్తే, ఏడాదికి క్యాన్సర్ వచ్చింది 0.12 శాతం మందికి. వెయ్యి మందిలో ఒకరికి కొంచెం ఎక్కువ. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువగా ఇంకో రకం, దాని వెనక పొగాకు, మద్యం ఉంటాయి. కాబట్టి భయపడి రేపే ఎండోస్కోపీకి పరిగెత్తక్కర్లేదు. కానీ అదే స్వీడన్ స్టడీలో ఇంకో విషయం ఉంది. ఆ క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి చెప్పుకోదగ్గ మంటే లేదు. మంటని బట్టి లోపల ఏముందో చెప్పలేం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మందుల కథ త్వరగా చెప్తా. 1976లో సిమెటిడిన్ వచ్చింది, దాని వెనకున్న జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్. ఆ 1988లోనే ఒమెప్రజోల్ మార్కెట్లోకి వచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ఒమెజ్ అదే మందు. ఈ మందులు యాసిడ్‌ని బాగా తగ్గిస్తాయి, పుండ్లు మానుతాయి. అప్పటికే మారిపోయిన పొర మాత్రం చాలామందిలో పూర్తిగా వెనక్కి రాదు. అందుకే ముందుగా పట్టుకోవడం మీద పని జరుగుతోంది. కేంబ్రిడ్జ్‌లో రెబెకా ఫిట్జ్‌గెరాల్డ్ బృందం దారానికి కట్టిన ఒక గోలీ చేసింది. మింగితే కడుపులో కరిగి లోపలున్న స్పాంజ్ విచ్చుకుంటుంది, కొన్ని నిమిషాలాగి దారం లాగితే దారిలోని కణాలు దానికి అంటుకుని వస్తాయి. 2020లో వచ్చిన ట్రయల్‌లో స్పాంజ్ టెస్ట్ ఇస్తామన్న గ్రూపులో 140 బారెట్ కేసులు దొరికితే, మామూలుగా చూసిన గ్రూపులో 13 దొరికాయి. అంతమంది తెలియకుండా తిరుగుతున్నారు.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తా, నేను డాక్టర్‌ని కాదు, ఇవి డాక్టర్లు చెప్పేవే. ముద్ద అడ్డం పడుతున్నట్టు ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా తారులా వస్తున్నా, రక్తం తగ్గిందని రిపోర్ట్ వచ్చినా వయసుతో పని లేదు, వెంటనే గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవాలి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే అది గ్యాస్ అనుకుని ఈనో తాగుతూ కూర్చోవద్దు, సరాసరి ఎమర్జెన్సీకి వెళ్లండి. మీ నాన్నకో బాబాయికో యాభై దాటి, పొట్ట పెరిగి, సిగరెట్ అలవాటుండి, ఏళ్ల తరబడి మంట ఉంటే ఒకసారి ఎండోస్కోపీ అవసరమా అని డాక్టర్‌ని అడిగించండి. ఒమెప్రజోల్ రకం గోలీ తినే అరగంట ముందు వేసుకోవాలి, బిర్యానీ అయ్యాక కాదు.