డిజిటల్ క్యాన్సర్ వైద్యం: ముంబై, తెలుగు ప్రాంతాలు

రోగి రికార్డులు, స్కాన్లు, నిపుణుల సలహాలను కంప్యూటర్లు, ఫోన్ల ద్వారా దూరప్రాంతాలకు చేర్చే వైద్యవిధానం ఇది. పెద్దాసుపత్రి అందుబాటులో లేని రోగికి తిరుగుడు తగ్గించడం దీని ముఖ్య ప్రయోజనం.

నేపథ్యం
ముంబైలో గ్రాంట్ రోడ్ దగ్గరి కామాఠీపురాకు ఆ పేరు తెలుగునేల నుంచి వలస వచ్చిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. వారు కాపురమున్న చాల్‌లకు (ఇరుకు గదుల అద్దె భవనాలకు) కొద్ది కిలోమీటర్ల దూరంలో, పరేల్‌లో, 1941లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలిసింది. 1963లో బొంబాయి క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. ఏ క్యాన్సర్ ఎవరికి, ఏ వయసులో వస్తోందో అప్పటినుంచి లెక్క దొరికింది.

ముంగిట్లో పరీక్ష
1998లో టాటా మెమోరియల్ వైద్యులు ముంబై మురికివాడల్లో దాదాపు 1.5 లక్షల మంది మహిళలతో పరిశోధన ప్రారంభించారు. పదో తరగతి చదివిన ఆడవాళ్లకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి, సగం వాడల్లో గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించారు. పలుచని వెనిగర్ లాంటి ద్రావణం అద్ది, నిమిషం ఆగి, దీపం వెలుగులో చూస్తారు. అనుమానపు భాగం తెల్లబడుతుంది. పరీక్షలు జరిగిన వాడల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడించారు. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు కనుక, సెక్స్ వర్కర్లు నివసించే కామాఠీపురా వంటి పేటలకు ఇలాంటి పరీక్ష ప్రాణావసరం.

తెర మీద వైద్యుడు
2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం తెరిచింది. 2012లో క్యాన్సర్ ఆసుపత్రుల కూటమిగా జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ఏర్పడింది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె., బసవతారకం ఆసుపత్రులు, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి ఇందులో సభ్యులు. బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకు గుడ్డసంచిలో పెట్టుకుని రోగి రైలెక్కే ముందే, కాగితాలు అప్‌లోడ్ చేసి నిపుణుల అభిప్రాయం పొందే సేవను గ్రిడ్ 'నవ్య' సంస్థతో కలిసి నడుపుతోంది. కష్టమైన కేసులను వర్చువల్ ట్యూమర్ బోర్డులో పలు ఊళ్ల వైద్యులు చర్చిస్తారు. ఆసుపత్రుల రికార్డులను డిజిటల్ బాట పట్టించేందుకు 2022లో గ్రిడ్‌లో కోయిటా కేంద్రం ఏర్పడింది.

పరిమితులు
ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే చాల్‌లో ఫోన్ కూడా ఒక్కటే అయితే, మహిళా రోగి రిపోర్టు ఆమెకంటే ముందు ఇతరుల కంటపడుతుంది. సలహా తెలుగులో లేకపోతే చేతికందినా మనసుకెక్కదు. తెర దూరాన్ని చెరిపేస్తుంది కానీ, బయాప్సీకి, రేడియేషన్‌కు దగ్గర్లో ఆసుపత్రి ఉండాల్సిందే. గడపదాకా వచ్చి, రోగి భాషలో మాట్లాడి, మళ్లీ పరీక్షకు తీసుకువెళ్లే ఆరోగ్య కార్యకర్త తోడైనప్పుడే ఈ సాంకేతికత ప్రాణం నిలుపుతుంది.