సామర్లకోట కౌంటరు, సికింద్రాబాదు పుస్తకం

కంప్యూటర్లు రాకముందు రైలు రిజర్వేషనంటే లావుపాటి రిజిస్టరు. బండి బయల్దేరే ఊళ్ళో అసలు పుస్తకం ఉండేది, మధ్య స్టేషన్లకి కొద్దిపాటి కోటా, తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే టెలిగ్రాం. సామర్లకోట స్టేషన్లో కంప్యూటరు టికెట్టు మొదటిసారి చేతికొచ్చినప్పుడు మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి పుస్తకం ఏదండీ?" అని కిటికీలోకి వంగి అడిగారు. "సికింద్రాబాదులో ఉందండి" అన్నాడు లోపలాయన, తల ఎత్తకుండానే.

ఆ జవాబు వెంట పడే నేను ఈ ఉద్యోగంలోకి వచ్చానంటే మరీ సినిమా కథలా ఉంటుంది గానీ, ఆ పుస్తకం సంగతి తర్వాత చాలా చదివాను. సీఎంసీ తయారుచేసిన ఇంప్రెస్‌తో ఢిల్లీలో 1980ల మధ్యలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ఆ తర్వాత రైల్వేల సొంత సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్ 1994లో ముందుగా సికింద్రాబాదులోనే నడిచింది. 1999కి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ కలిశాయి. దాని కింద ఉన్నవి డిజిటల్ కంపెనీ వీఎంఎస్ క్లస్టర్లు.

క్లస్టరు అనే మాటని జనంలోకి తెచ్చింది కూడా ఆ కంపెనీయే, 1983లో. నాలుగైదు యంత్రాలు ఒకే డిస్కుల్ని పంచుకుంటాయి. ఒకే రికార్డు మీద ఇద్దరు చెయ్యి వేస్తే లాక్ మేనేజరు ఒకరిని ఆపుతుంది. ఒక యంత్రం పడిపోతే దాని పని పక్కది అందుకుంటుంది. ఉమ్మడి కుటుంబం లాంటి ఏర్పాటు. లోపలివాళ్ళ మధ్య అనుమానాల్లేవు. ఒకే నెట్‌వర్క్ మీద రెండు క్లస్టర్లు పొరపాటున కలిసిపోకుండా ఒక గ్రూపు నంబరు, అందరికీ ఒకటే పాస్‌వర్డు, అంతే. వాటి మధ్య మాటలు మామూలుగా బాహాటంగానే సాగేవి. గది తలుపుకి తాళం, ఊళ్ళ మధ్య అద్దె లైను: అప్పటి భద్రత చాలావరకు అదే.

ఎన్‌క్రిప్షన్ పుట్టింది దీనికి పూర్తిగా ఎదురు స్వభావంతో. ఐపీసెక్ ప్రమాణాలు 1995లో మొదటిసారి వచ్చాయి, 1998లో తిరగరాశారు. అందులో పాలసీ అంటే వరసగా చదివే నియమాల పట్టీ. ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామాకి వెళ్ళే ప్యాకెట్‌ని రహస్యంగా చుట్టి పంపాలా, ఉన్నదున్నట్టు వదిలేయాలా, పారెయ్యాలా? మూడే తీర్పులు. తాళంచెవులు మామూలుగా ఇద్దరి మధ్య సంగతి. మూడోవాడు, సొంత తమ్ముడైనా సరే, పరాయివాడే.

ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం పెడితే గొడవ రాక మానదు. ప్రతి ప్యాకెట్‌కీ ఒక క్రమసంఖ్య ఉంటుంది, దొంగ ఎవడైనా పాత ప్యాకెట్‌ని మళ్ళీ పంపితే పట్టుకోడానికి. డాక్టరు గారి దగ్గర టోకెన్లు ఇచ్చే కాంపౌండరు మధ్యలో మారాడనుకోండి. కొత్తాయన మళ్ళీ ఒకటి నుంచి మొదలెడితే లోపలివాళ్ళు "ఇవి అయిపోయిన నంబర్లు" అని పారేస్తారు. పడిపోయిన యంత్రం స్థానంలోకి వచ్చినదానికి ఆఖరి నంబరు తెలియదు కాబట్టి, నిజాయితీగా పని అందుకున్నా దొంగలాగే కనిపిస్తుంది. ఈ చిక్కుని ఐఈటీఎఫ్ వాళ్ళు 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6027గా రాసిపెట్టారు. మరుసటి ఏడు 6311 వచ్చింది: కొత్త యంత్రం అవతలివారికి చెప్పి, లెక్కని ఒక్కసారిగా బాగా ముందుకి దూకించాలి. రెండు ప్రమాణాలు పక్కపక్కన పెరిగి, వాటి మధ్య తగువుని కాగితం మీద పెట్టడానికి పదిహేనేళ్ళు పట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇదంతా నేను ముందే చదివి ఉంటే బాగుండేది. హైదరాబాదులో ఒక కంపెనీలో, మూడు యంత్రాల క్లస్టరు మీద, "ఈ నెట్‌వర్క్‌లో ఏం కదిలినా ఎన్‌క్రిప్ట్ అవ్వాలి" అని ఒకే గీతలో పాలసీ రాశాను. రాత్రి రెండింటికి మొదటి యంత్రం మీద పెట్టాను. దాని హార్ట్‌బీట్ మిగతా రెండిటికీ అర్థం కాలేదు, వెలేశాయి. తప్పు ఇంకోచోట ఉందనుకుని రెండోదాని మీదా పెట్టాను. ఇప్పుడు ముగ్గురూ విడివిడి. ఇద్దరైనా కలిస్తేనే కోరం. కోరం లేదు కాబట్టి ఉమ్మడి డిస్కు ఆగిపోయింది. ఆ రెండూ మాట కలుపుకోడానికి కావలసిన సర్టిఫికెట్లు నేను పెట్టింది ఆ డిస్కులోనే! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేశాను. ఆటో పట్టుకుని మెషీన్ రూముకి పోయి, కీబోర్డు తగిలించి పాలసీ పీకేసేసరికి తెల్లారింది.

తర్వాత సరిచేసిన పద్ధతి చిత్రంగా 1980ల దగ్గరికే వెళ్ళింది. లోపలి హార్ట్‌బీట్‌ని ఐపీసెక్ పట్టీలో అన్నిటికన్నా పైన "వదిలెయ్" అని రాసి, వేరే కేబుల్ మీదికి మార్చాం. దాని రహస్యాన్ని క్లస్టరు సాఫ్ట్‌వేర్‌కే అప్పగించాం. ఇవాళ లినక్స్ క్లస్టర్లలో వాడే కొరోసింక్ చేసేదీ అదే: సభ్యులందరి దగ్గరా ఒకటే తాళంచెవి. వీఎంఎస్ వాళ్ళ గ్రూపు పాస్‌వర్డుకి మనవడి వరస, కాకపోతే వీడికి ఎన్‌క్రిప్షన్ వచ్చు. బయటివాళ్ళతో మాత్రం జంట తాళాలు, అదీ యంత్రం సొంత చిరునామాతో కాదు, క్లస్టరు మొత్తానికి ఉన్న ఉమ్మడి చిరునామాతో. సర్టిఫికెట్లు ప్రతి యంత్రం సొంత డిస్కులో.

పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఒరేయ్, ఇంట్లోవాళ్ళెవరో ముందు రాసుకోకుండా గుమ్మానికి తాళం వేశావన్నమాట" అన్నారు.