హైకోర్టు ఎక్కడ సరే, చీఫ్ జస్టిస్ ఎన్నాళ్ళు?

మన ఐటీ వాళ్ళకి మైగ్రేషన్ అంటే ఎంత హడలో చెప్పక్కర్లేదు. నాలుగు సర్వర్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే ఆర్నెల్ల ముందు నుంచే నిద్రలుండవు. ఆంధ్రుల హైకోర్టు మాత్రం 65 ఏళ్ళలో మూడుసార్లు ఊరు మారింది. మద్రాసు నుంచి గుంటూరు, అక్కణ్ణుంచి హైదరాబాదు, ఆ తర్వాత అమరావతి.

దీని వెనక కథ 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంతో మొదలవుతుంది. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట పెట్టొద్దు, ఏది కావాలో ముందు రాయలసీమ వాళ్ళు కోరుకోవచ్చు అని అప్పటి పెద్దల మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు కాబట్టి హైకోర్టు గుంటూరుకి దక్కింది. 1954 జూలై 5న మొదలైంది. అప్పటిదాకా మనవాళ్ళ అప్పీళ్ళన్నీ మద్రాసులోనే.

రెండేళ్ళు తిరిగాయో లేదో, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. హైకోర్టు హైదరాబాదుకి చేరింది. మూసీ ఒడ్డున ఎర్ర గుమ్మటాలతో కనిపించే భవనం నిజాం 1920లో ప్రారంభించినది. అక్కడ అప్పటికే హైదరాబాదు హైకోర్టు ఉంది కాబట్టి, ఇదొక రకంగా రెండు టీముల మెర్జర్ అన్నమాట. రాజధానీ పోయి, హైకోర్టూ రాక, కర్నూలుకి మాత్రం రెండు చేతులూ ఖాళీ.

ఇక మూడో మార్పు. రాష్ట్రపతి ఉత్తర్వు 2018 డిసెంబరు 26న వచ్చింది, 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు. మధ్యలో అయిదు రోజులు! మన ఆఫీసుల్లో ఛేంజ్ రిక్వెస్టు మీద సంతకం పడటానికే అంత టైం పడుతుంది. ఉన్న 61 జడ్జి పోస్టుల్లో 37 ఆంధ్రకి, 24 తెలంగాణకి పంచారు. 2020లో కర్నూలుని న్యాయ రాజధాని చేస్తామని చట్టం తెచ్చారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కావాలని ఆంధ్ర అసెంబ్లీ తీర్మానం చేసింది.

సరే, కోర్టు ఏ ఊళ్ళో ఉండాలన్నదాని మీద మనం కొట్టుకున్నంత ఇంకెవరూ కొట్టుకోలేదేమో. నాకు అర్థం కానిదేంటంటే, ఆ కోర్టుని నడిపేది ఎవరు, ఎన్నాళ్ళు అన్నది ఎందుకు ఎవరికీ పట్టదు?

గుంటూరులో తొలి చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు, రాజమండ్రిలో పుట్టినవారు. 1954 నుంచి 1958 జనవరిలో సుప్రీంకోర్టుకి వెళ్ళేదాకా ఆయనే. అంటే గుంటూరులో కోర్టుని నిలబెట్టిందీ, హైదరాబాదులో రెండు కోర్టుల్ని కలిపి నడిపిందీ ఒక్కరే. తర్వాత ఆయన 1967లో దేశ ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించకూడదన్నారు. ఆయన వెనక వచ్చిన పి.చంద్రారెడ్డి గారు 1964 దాకా, సుమారు ఆరేళ్ళు ఉన్నారు.

ఇప్పుడు తెలంగాణ సంగతి చూడండి. 2019 జనవరి నుంచి 2023 జూలై దాకా, నాలుగున్నరేళ్ళలో అయిదుగురు పూర్తిస్థాయి చీఫ్ జస్టిస్‌లు. రాధాకృష్ణన్, చౌహాన్, హిమా కోహ్లీ, సతీశ్ చంద్ర శర్మ, ఉజ్జల్ భుయాన్. రాష్ట్రంలో ఈ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ హిమా కోహ్లీ గారు, ఎనిమిది నెలలు నిండకుండానే సుప్రీంకోర్టుకి వెళ్ళిపోయారు. ఆంధ్రలో మహేశ్వరి గారిని 2021 జనవరిలో సిక్కింకి పంపి, అక్కడున్న గోస్వామి గారిని ఇక్కడికి తెచ్చారు. ఆయన్నీ అదే ఏడాది అక్టోబరులో ఛత్తీస్‌గఢ్‌కి మార్చారు.

వీళ్ళ సమర్థత మీద నాకేం అనుమానం లేదు. బయటివారిని వేయడం వెనక కారణమూ సబబైనదే. స్థానిక వకీళ్ళతో బంధుత్వాలు, కులం, పాత క్లయింట్లు అడ్డు రాకూడదని 1983 నుంచి ఈ పద్ధతి పెట్టారు. మన దగ్గర ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసు కాబట్టి నేను దీన్ని తప్పు పట్టను.

కానీ చీఫ్ జస్టిస్ పని ఏంటి? ఏ కేసు ఏ బెంచికి వెళ్ళాలో నిర్ణయించేది ఆయనే. కొత్త జడ్జిలుగా ఎవర్ని వేయాలో ఇద్దరు సీనియర్ జడ్జిలతో కలిసి సిఫార్సు చేసేదీ ఆయనే. ఇక్కడి వకీళ్ళలో ఎవరు గట్టివాళ్ళో, ఏ జిల్లా కోర్టులో పని ఆగిపోయిందో తెలుసుకోవడానికే ఆరు నెలలు పడుతుంది. తెలిసేసరికి బదిలీ ఉత్తర్వు సిద్ధం. ప్రతి రిలీజుకీ మేనేజరు మారే ప్రాజెక్టు ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? పెండింగ్ బగ్గులు అలాగే ఉంటాయి, కొత్తాయన వచ్చి మళ్ళీ మొదటి నుంచి స్టేటస్ అడుగుతాడు. ఇక్కడ ఆ బగ్గులు మనుషుల భూములు, పెన్షన్లు, బెయిళ్ళు.

బయటివారే రానివ్వండి, కానీ కనీసం రెండేళ్ళయినా కదపకుండా ఉంచాలి. పదవీ విరమణకి ఆర్నెల్లే ఉన్నవారిని ఆ కుర్చీలోకి పంపకూడదు. కోర్టు మన ఊరికి వస్తే బస్సు ఖర్చు తగ్గుతుంది, నిజమే. అయితే ఊరు దగ్గరైనంత మాత్రాన వాయిదాలు తగ్గవు కదా!