అటెండెంటు లేని కెమెరా

ఫిల్మ్‌నగర్‌లో కెమెరా అద్దెకు తీసుకుంటే కెమెరా ఒక్కటే రాదు. దాంతోపాటు యూనిట్ వాళ్ల అటెండెంట్లు వస్తారు. పెట్టె తెరిచేదీ, లెన్స్ చేతికందించేదీ, పేకప్ అయ్యాక తుడిచి సర్దేదీ వాళ్లే. ఛాయాగ్రాహకుడికి ఎంత పేరున్నా, కెమెరా మొరాయిస్తే మర విప్పేది ఆయన కాదు. బేటా, భోజనం, రానుపోను బండి ఖర్చుల్లో ఆ మనుషులూ ఉంటారు. 24 క్రాఫ్టుల పరిశ్రమలో లైట్‌మన్ జరపాల్సిన లైటును ఇంకొకరు జరిపితే మాటొస్తుంది.

బయటివాళ్లకిది చాదస్తంగా కనిపించవచ్చు. ఫిల్మ్ రోజుల్లో కెమెరా లోపల ఫిల్మ్ మీద వెలుగు పడే గేట్ దగ్గర ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా షాట్ పాడయ్యేది. పాడైందని తెలిసేది ల్యాబులో నెగెటివ్ కడిగాకే. అందుకే టేక్ ఓకే అయ్యాక కూడా అసిస్టెంట్ గేట్ చూసి సరేనన్నాకే తర్వాతి షాట్‌కి కదిలేవారు. అంత ఖరీదైన యంత్రాన్ని కనిపించినవాడి చేతిలో పెట్టరు కదా.

ఆఫీసుల్లో కంప్యూటరూ మొదట అలాగే బతికింది. ఏసీ గదిలో మెయిన్‌ఫ్రేమ్, దాని చుట్టూ నిపుణులు. లెక్కల గుమాస్తా తనకు కావలసింది కాగితం మీద రాసిచ్చి తన వంతు కోసం ఎదురుచూడాలి. ఆ గదికి గండి కొట్టింది విసికాల్క్. హార్వర్డ్‌లో ఎంబీఏ చదువుతున్న డాన్ బ్రిక్లిన్, స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆపిల్-2 కోసం 1979లో తెచ్చిన స్ప్రెడ్‌షీట్ అది. కంప్యూటర్ విభాగాన్ని అడక్కుండానే ఉద్యోగులు ఆ చిన్న యంత్రాన్ని బల్ల మీదికి తెచ్చుకున్నారు. తామే నడిపారు, ఆగిపోతే తామే కుస్తీ పట్టారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చాక సంస్థలు మేలుకున్నాయి. యంత్రాన్ని బల్ల మీదే ఉంచి పెత్తనం మాత్రం వెనక్కి లాక్కున్నాయి. అడ్మిన్ రైట్స్ సిస్టమ్స్ వాళ్లవి, ఉద్యోగికి హెల్ప్‌డెస్క్ నంబరు. పాస్‌వర్డ్ మరిచిపోయినా టికెట్ రైజ్ చేయాల్సిందే.

తెలుగు సినిమాలో ఆపిల్-2లా చొరబడింది కెనాన్ 5డీ. 2011 మార్చిలో వచ్చిన ‘దొంగల ముఠా’ను రామ్ గోపాల్ వర్మ ఈ కెమెరాలతో ఐదు రోజుల్లో, వేళ్ల మీద లెక్కపెట్టగల సిబ్బందితో తీశారు. సినిమాగా అది ఎలా ఉందన్నది వేరే చర్చ, నా ఓటు దానికి పడదు. కానీ బాడీ కిలో కూడా తూగని కెమెరాకి అటెండెంటు ఎందుకన్న ప్రశ్న అప్పుడు గట్టిగానే లేచింది. కార్డు నిండితే మార్చుకునేదీ, వేడెక్కితే కాసేపు ఆపేదీ పట్టుకున్నవాడే. పెద్ద కెమెరాలతో అటెండెంట్లు ఇప్పటికీ వస్తున్నారు. కృష్ణానగర్ గదుల్లో షార్ట్ ఫిలిం తీసే కుర్రాళ్లకు మాత్రం ఆ పదవి ఒకటుందని తెలియదు.

యంత్రం చేతికివ్వడం ఇంత తేలికైతే యజమానులు ఎందుకు జంకారు? లోపల ఉన్న సరుకు వల్ల. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికి పొక్కింది. కంగారుగా విడుదలను ముందుకు జరిపి 27న థియేటర్లకు తెచ్చారు. 2016 నవంబరులో ‘బాహుబలి 2’ యుద్ధ దృశ్యాల ముక్క నెట్‌లోకి వచ్చింది. గ్రాఫిక్స్ పనిలో ఉన్న ఒక యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. ఎడిటింగ్ రూమ్‌లో, సీజీ విభాగంలో యూఎస్‌బీ మూసేయడం, ఇంటర్నెట్ తీసేయడం, ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించడం ఎందుకో ఈ రెండూ చెబుతాయి.

దీనికి విరుగుడు ప్రొజెక్షన్ బూత్‌లో అప్పటికే ఉంది. ఈ కథలో నాకు ఎక్కువ నచ్చే చోటు అదే. పాత బూత్‌లో ఆపరేటరే మెకానిక్. కార్బన్ కడ్డీలు కాలుతున్నకొద్దీ వాటి మధ్య ఎడం సరిచేయాలి, రీలు తెగితే జనం ఈలలు ముదరకముందే అతికించాలి. హాలీవుడ్ స్టూడియోలు 2002లో డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్ అనే సంస్థగా ఏర్పడి 2005 జులైలో నిబంధనలు ప్రకటించాయి. వాటి ప్రకారం సినిమా గుప్తలిపిలో వస్తుంది. ఏ తెర మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది విడిగా పంపే డిజిటల్ తాళంచెవి తేలుస్తుంది. మన ఊళ్లకు క్యూబ్, యూఎఫ్‌ఓ సంస్థల డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చినప్పుడూ ఈ తాళం పద్ధతే వచ్చింది. ఆపరేటర్ దీపం మార్చవచ్చు, ఫిల్టర్ తుడవవచ్చు, సర్వర్ ఆపి మళ్లీ వేయవచ్చు. కీ రాకపోతే మాత్రం బెనిఫిట్ షోకి వచ్చిన అభిమానులు బూత్ కేసి ఎంత అరిచినా బొమ్మ పడదు.

యంత్రం ఒకరిది, తాళం ఇంకొకరిది. ఆఫీసులు ఇదే ఏర్పాటుకు ఫోన్ల వల్ల వచ్చాయి. 2007లో ఐఫోన్ వచ్చాక ఉద్యోగులు సొంత ఫోన్లు ఆఫీసుకు తేవడం మొదలుపెట్టారు. ఇంటెల్ లాంటి సంస్థలు 2009-10లో నిషేధించడం మాని నియమాలు రాసుకున్నాయి. 2010లో ఐఫోన్‌ను దూరం నుంచి అదుపుచేసే సౌకర్యాన్ని ఆపిల్ ఇచ్చింది. 2015లో ఆండ్రాయిడ్ ఒకే ఫోన్‌లో ఆఫీసుకు విడిగా అర కట్టింది. ఉద్యోగి వెళ్లిపోతే ఆ అర ఒక్కటే ఖాళీ చేస్తారు, ఇంటి ఫొటోలు అలాగే ఉంటాయి. సరుకుకు వేరే తాళం పడ్డాక మిగతా యంత్రం మీద పట్టు సడలించడానికి భయం తగ్గింది. ఆమోదించిన యాప్‌లు ఉద్యోగే ఎంచుకుని వేసుకోవడం, పాస్‌వర్డ్ తానే మార్చుకోవడం, చెడితే తానే మళ్లీ మొదటికి తెచ్చుకోవడం అలా మామూలైంది. మ్యాక్ తీసుకున్న తమ ఉద్యోగుల్లో 5 శాతం మందే హెల్ప్‌డెస్క్‌ను పిలుస్తున్నారనీ, పీసీ వాళ్లలో ఆ సంఖ్య 40 శాతమనీ ఐబీఎం 2015లో చెప్పింది. కోరి తెచ్చుకున్నవాడు ఓపిగ్గా బాగుచేసుకుంటాడు కాబట్టి అంకె మొత్తాన్ని యంత్రం ఖాతాలో వేయలేం.

2020 మార్చిలో షూటింగులు ఆగాయి, హైటెక్ సిటీ ఖాళీ అయింది. ఐటీ సంస్థలు డెస్క్‌టాప్‌లను ఇళ్లకు చేర్చాయి. ఇంటి నుంచి పనికి అడ్డుగా ఉన్న నిబంధనలను టెలికాం శాఖ తాత్కాలికంగా సడలించి, నవంబరులో చాలావాటిని ఎత్తేసింది. సిస్టమ్స్ మనిషి ఫ్లోర్ మీద లేడు. కేబుల్ ఊడిందో రౌటర్ చచ్చిందో ఇంట్లో ఉన్నవాళ్లే కనిపెట్టాలి.

అసలు పరీక్ష 2024 జులై 19, శుక్రవారం జరిగింది. సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఊరంతా తిరిగింది. చికిత్స చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. కానీ బూట్ కాని యంత్రాన్ని దూరం నుంచి ముట్టుకోలేరు. ఎదురుగా ఉన్నది ఉద్యోగి ఒక్కడే. అతను చేయబోతే డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం. తెరవడానికి 48 అంకెల రికవరీ కీ. తమ కీ తామే చూసుకునే పోర్టల్ ఉన్న సంస్థల్లో ఉద్యోగులు సొంత ఫోన్‌లో ఆ అంకెలు తెరిచి, ఒక్కొక్కటే కొట్టి బయటపడగలిగారు. ఆ దారి లేనిచోట ఫోన్ వరుసలో నిలబడ్డారు.

ఆ నవంబరులోనే మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీని ప్రకటించింది. బూట్ కాని యంత్రానికి కూడా దూరం నుంచే మందు పంపే ఏర్పాటు. సిస్టమ్స్ వాళ్లకు ఊరట. యంత్రం తాళం మళ్లీ వాళ్ల వైపే జరుగుతోంది కూడా. ఆ మందు నెట్ ద్వారానే రావాలి గనక, పోర్టల్‌లో ఉద్యోగి కీని అలాగే ఉంచమని నేనైతే అంటాను.