జింకకు మేత చేను: సిరొంచ అడవి అంచున పాత లెక్క

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన సంఘంలో ఈమధ్య ఒక ఆలోచన నడుస్తోంది. ఊరి చివర, అడవికి ఆనుకుని ఉన్న బీడులో జంతువుల కోసమే కొంత పంట వేద్దాం, చుట్టూ మనిషెత్తు గడ్డిని దడిలాగా పెంచుదాం, అడవి పందులూ జింకలూ అక్కడే మేసి మన పత్తి, మిర్చి, వరి చేల జోలికి రాకుండా ఉంటాయి అని. చెప్పినవాళ్లది మంచి మనసు. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టీ కొట్టీ విసిగిపోయిన రైతు బాధ తెలిసినవాళ్లే ఈ మాట అన్నారు. మేము కూడా దీన్ని కొట్టిపారేయడానికి రాయడం లేదు. అయితే ఈ నేల మీద జంతువుకు మేత ఎక్కడ దొరికేది, ఎవరి వల్ల దొరికేది, ఎందుకు పోయింది అన్న చరిత్ర ఒకసారి చూసుకోకుండా విత్తనం చల్లితే తేడా వస్తుందని మా అనుమానం.

ముందు ఈ ఆలోచన పుట్టిల్లు చూద్దాం. అమెరికాలో దీన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. అడవి పక్కన ఎకరమో రెండెకరాలో క్లోవరు, ఓట్సు, టర్నిప్ లాంటివి వేసి జింకలను రప్పిస్తారు. జంతువుకు తిండి, దాపు రెండూ దగ్గరదగ్గరగా ఉండాలని ఆల్డో లియోపోల్డ్ అనే ఆయన 1933లో 'గేమ్ మేనేజ్‌మెంట్' అనే పుస్తకంలో శాస్త్రంగా చెప్పాడు. 1937లో అక్కడ తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ సొమ్ము వన్యప్రాణులకు ఖర్చుపెట్టే చట్టం వచ్చింది. 1985 వ్యవసాయ చట్టంతో, కోతకు గురయ్యే పొలాలను సాగు మాన్పించి గడ్డి కింద ఉంచిన రైతులకు ప్రభుత్వం డబ్బు కట్టడం మొదలైంది. ఎత్తుగడ్డి దడి సంగతీ చెప్పాలి. జింకకు భయం తగ్గడం ఒకటి, వేటగాడు తన మంచె దాకా కనపడకుండా నడిచి వెళ్లడం రెండు, ఈ రెండింటి కోసం ఆ దడి. అంటే మేత చేను లెక్క చివరికి తుపాకీ దగ్గర తేలుతుంది. పెరిగిన జింకలను ఏటా కొన్ని తీసేస్తారు. మన దగ్గర 1972 చట్టం తర్వాత వేట లేదు. వాళ్ల లెక్కలో సగమే తెచ్చుకుని మిగతా సగం వదిలేస్తే కూడిక ఎట్లా కుదురుతుంది?

ఇక మన వైపు చూద్దాం. ఇప్పుడు సిరొంచ అంటే మహారాష్ట్రకు ఒక మూల. ముంబైలో చాలామందికి మ్యాపులో చూపించినా తెలియదు. కానీ ఒకప్పుడు ఇది జిల్లా కేంద్రం. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది, దాని కచేరీ సిరొంచలో ఉండేది. సిరొంచతో పాటు నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి, అన్నీ ఈ జిల్లాలోవే. గ్లాస్‌ఫర్డ్ అనే అధికారి బస్తరు గురించి 1862లో నివేదిక రాసింది ఆ కాలంలోనే. కాటన్ దొర గోదావరి మీద పైదాకా పడవలు నడపాలని తలపెట్టిన పథకంలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర బండరాళ్ల అడ్డంకులు దాటడమే పెద్ద పని. అది 1871లో ఆగిపోయింది. 1874లో జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయాయి, మనం చాందా జిల్లాలో కలిశాం. తర్వాత నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా అటే వెళ్లాయి. 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యాక మన చిరునామా మళ్లీ మారింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో మాడియా, గోండి. ఈ సంగతి మీకు మేము చెప్పేదేముంది.

గీతలు ఇన్నిసార్లు మారినా అడవి లోపల ఒక పద్ధతి చాలాకాలం మారలేదు, అదే పోడు. మాడియాలు కొండవాలు సాగును 'పెండ' అంటారు. బస్తరు మాడియాల గురించి గ్రిగ్సన్ 1938లో రాసిన పుస్తకంలో ఈ సాగు వివరంగా ఉంటుంది. ఒక ముక్క నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలో కొర్రలో చల్లుతారు. రెండు మూడేళ్లు పంట తీసి వదిలేసి మరో ముక్కకు పోతారు. ఆ వదిలేసిన ముక్క సంగతే మనకు ముఖ్యం. అక్కడ మొదటి ఏళ్లలో గడ్డి వస్తుంది, మోదుగ, రేగు, తునికి మొదళ్ల నుంచి లేత చిగుళ్లు వస్తాయి, పొదలు లేస్తాయి. ఎండ తగిలే చోటు, లేత మేత, పక్కనే దాక్కోవడానికి అడవి. లియోపోల్డ్ పుస్తకంలో చెప్పింది ఇదే కదా! పేరు పెట్టకుండా, జంతువు కోసం అనుకోకుండా, మాడియా రైతు అడవి లోపల అక్కడక్కడా మేత చేలు వేసి పోయాడు. ఆ రైతు కూడా పంట కాయడానికి మంచె మీదే పడుకున్నాడు, విల్లుతో జింకను కొట్టుకునీ తిన్నాడు. అదేమీ బంగారు కాలం కాదు. కానీ ఆ మేత అడవి నడిబొడ్డున, పదిచోట్ల చెదిరి ఉండేది. ఊరి అంచున ఒకేచోట కుప్పగా ఉండేది కాదు. తేడా ఇక్కడే ఉందని మా ఉద్దేశం.

1878 అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవులు గిరిగీసుకున్నాయి. మన అహేరి, ఆలపల్లి టేకుకు పేరు. 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన 'గ్లోరీ ఆఫ్ ఆలపల్లి' చూసినవాళ్లకు ఆ చెట్ల మొదళ్లు ఎంతెంత ఉంటాయో తెలుసు. అట్లాంటి టేకు కావాలంటే పోడు ఆగాలి, నిప్పు ఆగాలి. అవి ఆగేకొద్దీ లోపల ఎండపొడ తగిలే ఖాళీలు తగ్గాయి. దట్టంగా కమ్ముకున్న టేకు కింద గడ్డి సరిగ్గా మొలవదు. టేకు ఆకు జింకకు ఇష్టమైన మేతా కాదు. మనుషులకు మాత్రం నిస్తార్ పేరుతో కొంత మేపు, కొంత కట్టె మిగిలాయి. నది అవతల నిజాం రాజ్యంలో అదీ కష్టమే. జంగ్లాతువాళ్లు పశువుల మేపుకు బంబ్రాం, కట్టెకు దూపపెట్టి అని పన్నులు గుంజేవాళ్లు. 1940లో జోడేఘాట్ దాకా వెళ్లిన కుమ్రం భీము పోరాటానికి ఆ పోడు, ఆ మేపు కూడా కారణాలే. మేత అనే చిన్న మాట వెనక ఎంత నెత్తురు ఉందో చూడండి.

ఇంకో ఉదాహరణ చెబుతాం, ఇది కొంచెం దూరం. మనం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు కాన్హా అడవి కూడా అదే రాష్ట్రంలో ఉండేది. అక్కడి బారాసింగా జింక గడ్డి తప్ప పెద్దగా ఇంకేమీ తినదు. 1970 నాటికి అవి 66 మిగిలాయి. వాటిని ఆదుకున్న పెద్ద పచ్చిక మైదానాల్లో చాలావరకు ఒకప్పటి గోండు, బైగా ఊళ్ల పొలాలే. ఊళ్లు తరలిపోయాక ఆ పొలాలు గడ్డి అయ్యాయి. ఇప్పుడు టూరిస్టులు ఫోటోలు తీసే పచ్చిక మీద ఒకప్పుడు ఎవరో నాగలి నడిపారు. కవ్వాల్‌లోనూ అటవీశాఖ గడ్డి పెంచుతోంది, ఊళ్లు కదిలిస్తోంది. ఊరు కదిలితేనే గడ్డి వస్తుందా, ఊరు ఉండగానే గడ్డి పెంచలేమా అన్నది వేరే పెద్ద చర్చ, ఇంకోసారి రాస్తాం.

మన డివిజన్‌లోనే, కమలాపూర్ రేంజిలో కోలామార్కా ఉంది. 2013లో 180 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని అడవి బర్రెల కోసం సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడ ఒక మాట. తెలుగులో అడవి దున్న అంటే చాలామంది గౌరు అనుకుంటారు. మేము చెప్పేది అది కాదు, మన ఇంటి బర్రెకు పూర్వీకురాలైన అసలు అడవి బర్రె. మధ్య భారతంలో వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే మిగిలింది, ఇంద్రావతి దాటి అటూ ఇటూ తిరుగుతుంది. దానికి కావలసింది పొడుగు గడ్డి, నీళ్లు, అలికిడి లేని చోటు. మన ఊరి బర్రెలు అక్కడ మేతకు పోతే రెండు ప్రమాదాలు: జబ్బులు అంటుకోవడం, జాతి కలిసిపోవడం. కాబట్టి మేత చేను గురించి నిజంగా ఆలోచించాలంటే ఆ వైపు ఊళ్లలో పెంపుడు బర్రెకు ఊళ్లోనే మేత దొరికేలా చేయడం కూడా అడవి జంతువుకు మేత వేసినట్టే. ఈ మాట మీద ఎవరూ ఫోటోలు దిగరు కానీ, మాకు అన్నిటికన్నా ఇదే ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు భయం. తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు చేరుతున్నాయి. 2020 నవంబరులో అవతలి ఒడ్డున ఆసిఫాబాద్ జిల్లాలో కొద్ది రోజుల తేడాలో ఇద్దరిని పులి చంపింది. అప్పుడు పత్తి ఏరడానికి కూలీలు దొరకలేదు. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి నుంచి ఒక ఏనుగు ప్రాణహిత దాటి వెళ్లి రెండు రోజుల్లో ఇద్దరు రైతులను చంపింది, అందులో ఒకాయన మిర్చి తోటలో ఉన్నాడు. ఆ ఏనుగులు 2021లో ఛత్తీస్‌గఢ్ మీదుగా మన జిల్లాలోకి వచ్చిన మందకు సంబంధించినవి. తరతరాలుగా ఏనుగును చూడని ఊళ్లవి, ఎట్లా తప్పుకోవాలో ఎవరికి తెలుసు?

ఈ పరిస్థితిలో చేను పక్కనే మనిషెత్తు గడ్డి దడి పెంచితే ఏమవుతుంది? జింక దాక్కుంటుంది, పంది దాక్కుంటుంది, వాటి వెనక వచ్చేది కూడా దాక్కుంటుంది. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లే మనిషికి, వంగి పత్తి ఏరే ఆడమనిషికి పది గజాల అవతల ఏముందో కనపడదు. మేత కోసం వచ్చిన పంది నాలుగు రోజులు అక్కడ తిని, అయిదో రోజు పక్కనున్న వరిలోకి రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పంది ఏడాదిలోనే ఈతకు అయిదారు పిల్లలతో మంద పెంచుతుంది, మనం పెట్టిన తిండి ఆ మందకే పోతుంది. ఆ కోపంతో ఎవరో ఒకరు కంచెకు కరెంటు పెడతారు. ఆ తీగకు పందితో పాటు పులీ పడుతుంది, మనిషీ పడతాడు. ఇది మన రెండు ఒడ్డుల్లోనూ జరిగిందే, దాచుకునేది ఏమీ లేదు.

అందుకని మా మాట ఇది. అంచున వద్దు, లోపల కావాలి. లోపల అంటే రిజర్వులో మనంతట మనం దున్నడం కాదు, అది నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చిన గ్రామసభలకు తమ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. ఇదే జిల్లాలో మెండా లేఖా 2009లో ఆ హక్కు పత్రం తీసుకుని దేశానికి దారి చూపింది. గ్రామసభ తీర్మానంతో, అటవీశాఖను కలుపుకుని, ఊరికి దూరంగా ఉన్న పాత పోడు ముక్కల్లో లంటానా, వయ్యారిభామ పీకేసి మన గడ్డిని మొలవనిస్తే చాలు. అమెరికా విత్తనం అక్కర్లేదు. లంటానా కూడా ఒకప్పుడు అందమైన పూలమొక్కగా వచ్చిందే కదా. ఇప్ప, రేగు, తునికి చెట్లను నరకకుండా ఉంచితే ఎండాకాలం జింకకు అవే మేత. కోతి తుంచి పడేసిన చిగుళ్లు కూడా కింద జింక తింటుంది. దడి కావాలనుకుంటే వాగు ఒడ్డున రెల్లు దానంతట అదే ఉంది, ఆశ్వయుజంలో తెల్లగా పూసేది. 2019లో మేడిగడ్డ బ్యారేజీ కట్టాక మన ఒడ్డున పొలాలు మునిగిన రైతులను అడిగితే, ఒడ్డున ఏమేమి ఉండేదో, ఏది పోయిందో వాళ్లే చెబుతారు.

చేల పక్కన చేయాల్సింది దీనికి తిరగేసి. చేను చుట్టూ పది పదిహేను అడుగులు పొదలు కొట్టి చదునుగా, కనపడేలా ఉంచాలి. వరి కోశాక నేల ఖాళీగా వదలొద్దు. పిల్లిపెసరో, జనుమో, ఉలవో వేస్తే నేలకు బలం, మన పశువులకు మేత. పశువు ఇంటి దగ్గర మేస్తే అడవిలో గడ్డి జింకకు మిగులుతుంది. పంట నష్టపోయినవాళ్లు ఫోటో తీసి, పంచనామా రాయించుకుని పరిహారానికి దరఖాస్తు పెట్టండి. మరాఠీలో దరఖాస్తు రాయడం రానివాళ్లకు సంఘంలో రాసిపెట్టే పిల్లలు ఉన్నారు.

పిల్లిపెసర విత్తనం కావాలన్నవాళ్లు ఇప్పుడే పేర్లు చెప్పండి. దాన్ని కోత అయ్యాక కాదు, కోతకు కొద్ది రోజుల ముందే నిలబడి ఉన్న వరిలో, కింద తడి ఆరకముందే చల్లుకోవాలి.