మన్సూర్ గీసిన చారల గుర్రం

ఆస్థానంలో పుట్టిన కళంతా ప్రభుస్తుతేనా? ఉస్తాద్ మన్సూర్ బొమ్మల ముందు ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేం.

బాబర్ జంతువుల్ని వర్ణించాడే గాని వాటి బొమ్మలు గీయించలేదని జహంగీర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. 1612లో గోవా నుంచి వచ్చిన టర్కీ కోడి వంటి వింత జీవాలను తాను గీయించాడు. 1621లో ఇథియోపియా నుంచి చారల గుర్రం వచ్చింది. ఆ చారలు ఎవరో పూసిన రంగేమోనని కొందరు అనుమానించారు. పరిశీలించి చూస్తే అవి పుట్టుచారలే!

ఆ జంతువును మన్సూర్ గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో మేడల్లేవు, పరివారం లేదు. ముఖానికి పగ్గంతో ఒంటరిగా నిలబడ్డ ప్రాణి మాత్రమే ఉంది. చారలు కడుపు గుండ్రదనాన్ని, తొడల కండను అనుసరించి వంపు తిరుగుతాయి. అందుకే అవి అలంకారం కాలేదు, శరీరమయ్యాయి.

చక్రవర్తికి అది ఇరాన్ షాకు పంపదగిన కానుక. బొమ్మలో మాత్రం అది కట్టుబడి నిలిచిన జీవం. మన్సూర్‌కు ‘నాదిర్ ఉల్ అస్ర్’, అంటే యుగంలో అపురూపుడు, అన్న బిరుదిచ్చింది జహంగీరే. గీయమన్నది ప్రభువు; చూసింది పనివాడి కన్ను. ఈ తేడాను గుర్తించని విమర్శ, కళాకారుడి శ్రమను కూడా ప్రభువు ఖాతాలోనే జమకడుతుంది.

వాస్తవికత గురించి మాట్లాడే మనం ఈ బొమ్మ నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. పాత్రకు మన అభిప్రాయాన్ని తొడిగేముందు, ఆ ప్రాణి ఎలా నిలబడిందో చూడాలి.